కాంటా ఎక్కించే ముందు సున్నా చూడాలి
(మెదడు గడ్డలకు కిరణ చికిత్స చేసే యంత్రాలు - వాటి భద్రత)



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో చదువుకొని ఇప్పుడు పీజీ చేస్తున్న మిత్రులం మేము. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా చూడడం మాతోనే మొదలు. ఈ సంచికకు ఒక సైన్సు పాఠం రాయమంటే ఈ విషయాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. మాలో ఒకరి మేనత్తకు మెదడులో గడ్డ ఉందని తేలింది. సూర్యాపేటలో బస్సెక్కించి హైదరాబాదు తీసుకుపోయాం. "కోత లేదు, కుట్టు లేదు, ఒక్కరోజు కరెంటు పెడతాం" అని అక్కడ చెప్పారు. అత్త మమ్మల్ని ఒక్కటే అడిగింది: "ఆ మిషిను తప్పు చేస్తే ఎట్ల తెలుస్తది బిడ్డా?" ఫిజిక్సు చదివి కూడా ఆ పూట మేము జవాబు చెప్పలేకపోయాం. తర్వాత చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

రేడియోసర్జరీ అంటే ఏమిటి?

మనవాళ్ళు "కరెంటు పెట్టడం" అంటారు గానీ ఇది కరెంటు కాదు, రేడియేషన్. సన్నని కిరణాలను అనేక దిక్కుల నుంచి ఒకే బిందువు మీదికి పంపుతారు. ఒక్కో కిరణం బలహీనం కనుక దారిలో ఉన్న మెదడుకు పెద్దగా హాని చేయదు. అన్నీ కలిసేచోట మాత్రం గడ్డ కణాలు దెబ్బతింటాయి. స్వీడన్‌కు చెందిన నాడీ శస్త్రవైద్యుడు లార్స్ లెక్సెల్ 1951లో ఈ పద్ధతికి రేడియోసర్జరీ అని పేరు పెట్టారు. గామా నైఫ్ అనే తొలి యంత్రం 1968లో స్టాక్‌హోంలో పనిచేయడం మొదలుపెట్టింది. మన దేశానికి 1997లో వచ్చింది. ఆ ఏడాదే ముంబయి హిందుజా ఆసుపత్రిలోనూ, ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ దీన్ని నెలకొల్పారు. ఇదే పనిని లీనియర్ యాక్సిలరేటర్ (లీనాక్) తోనూ, రోబో చేయికి అమర్చిన సైబర్ నైఫ్‌తోనూ చేస్తారు.

మామూలు రేడియేషన్ చికిత్సలో రోజుకు సుమారు 2 గ్రేల చొప్పున వారాల తరబడి ఇస్తారు. రేడియోసర్జరీలో 12 నుంచి 24 గ్రేల వరకు ఒకేసారి ఇస్తారు. అందుచేత తప్పు జరిగితే రేపు సరిదిద్దుకుందామనే వీలు లేదు. భద్రత ఇంత ముఖ్యం కావడానికి కారణం ఇదే.

హమాలీ చెప్పిన సూత్రం

మాలో ఒకరి నాన్న మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీ. ఆయన బడికి పోలేదు. కానీ ఒక మాట చెబుతుండేవాడు: "బస్తా ఎక్కించే ముందు ఖాళీ కాంటా చూడాలె. సున్నా లేకుంటే అన్ని బస్తాలూ తప్పే." కాంటాలో 2 కిలోల తేడా ఉంటే అదే కాంటా మీద పదిసార్లు తూచినా తేడా బయటపడదు. ఇంకో కాంటా మీద తూస్తేనే బయటపడుతుంది. ఈ రెండు మాటలు పట్టుకుంటే మిగతా పాఠమంతా తేలికగా అర్థమవుతుంది.

ఏమేమి పరీక్షిస్తారు?

1. రోజూ ఉదయం: మొదటి రోగిని పడుకోబెట్టక ముందే కిరణం మోతాదు కొలుస్తారు. అమెరికా వైద్య భౌతికశాస్త్రవేత్తల సంఘం 2009లో ఇచ్చిన నియమావళి ప్రకారం లీనాక్‌లో ఈ తేడా 3 శాతం దాటకూడదు. రేడియోసర్జరీ చేసే యంత్రంలో గురి చూపే లేజర్ గీతల తేడా 1 మిల్లీమీటరు దాటకూడదు. తలుపు తెరవగానే కిరణం ఆగుతుందో లేదో, లోపలి రోగి కనబడుతూ వినబడుతూ ఉన్నాడో లేదో చూస్తారు.

2. గురి పరీక్ష: చిన్న లోహపు గోళీని కిరణాలు కలిసేచోట ఉంచి వేర్వేరు కోణాల నుంచి ఫోటోలు తీస్తారు. ప్రతి ఫోటోలోనూ గోళీ నీడ కిరణం నడిమధ్యన పడాలి. 1988లో వెలువడిన ఈ పద్ధతిని విన్‌స్టన్-లూట్జ్ పరీక్ష అంటారు.

3. మూలకం వయసు: గామా నైఫ్‌లో కోబాల్ట్-60 ఉంటుంది. దాని అర్ధాయువు 5.27 సంవత్సరాలు. అనగా నెలకు సుమారు 1 శాతం బలం తగ్గుతుంది. ఆ మేరకు చికిత్స సమయాన్ని లెక్కకట్టి పెంచాలి.

4. సరైన కొలపరికరం: మామూలుగా వాడే ఫార్మర్ చాంబర్ అనే పరికరం పొడవు 2 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. రేడియోసర్జరీ కిరణం వెడల్పు ఒక్కోసారి 1 సెంటీమీటరు కూడా ఉండదు. పరికరం కొసలు కిరణం బయటే ఉండిపోతాయి కనుక అది తక్కువ చూపిస్తుంది. "యంత్రం తక్కువ ఇస్తోంది" అనుకొని లెక్కలో పెంచితే రోగికి ఎక్కువ మోతాదు పడుతుంది. చిన్న కిరణాలను కొలిచే విధానంపై అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2017లో ప్రత్యేక నియమావళి తెచ్చింది.

తప్పు జరిగిన చోట్లు

ఇది ఊహ కాదు. ఫ్రాన్సులోని టులూజ్ నగరంలో 2006 ఏప్రిల్ నుంచి 2007 ఏప్రిల్ వరకు, తగని పరికరంతో కొలవడం వల్ల 145 మంది రోగులకు తప్పు మోతాదు పడింది. యంత్రం తయారుచేసిన సంస్థ ఆ కొలతలను ఇతర ఆసుపత్రుల కొలతలతో పోల్చినప్పుడే సంగతి తెలిసింది. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 2004 నుంచి 2009 వరకు 76 మందికి సుమారు 50 శాతం ఎక్కువ పడింది. శిక్షణ పొందిన మరో ఫిజిసిస్టు వచ్చి లెక్కలు చూశాకే అది బయటపడింది. రెండు చోట్లా తప్పును పట్టించింది ఇంకో కాంటానే!

అందుకే బయటివారి తనిఖీ తప్పనిసరి. మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం చిన్న డోసిమీటర్లను ఆసుపత్రులకు పోస్టులో పంపి, తిరిగి తెప్పించుకొని మోతాదు సరిచూస్తుంది. 1983 నవంబరు 15న ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు లేకుండా ఈ యంత్రాన్ని నడపరాదు. ప్రతి కేంద్రంలో రేడియేషన్ భద్రతాధికారి ఉండాలి. సిబ్బందికి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనైనా 30కి మించకూడదు.

పాతబడిన మూలకాన్ని కూడా పద్ధతిగా అప్పగించాలి. 2010లో ఢిల్లీ మాయాపురిలో, ఒక ప్రయోగశాల నుంచి వేలంలో అమ్ముడైన పాత పరికరం తుక్కు దుకాణానికి చేరింది. అందులో కోబాల్ట్-60 ఉందని పనివాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వారిలో ఒకరు చనిపోయారు. ఇనుప తుక్కు ఏరేవాళ్ళు, కోసేవాళ్ళు ఎవరి ఇళ్ళవాళ్ళో మనకు తెలుసు.

మనం చేయవలసినవి

మనవాళ్ళను ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు భయపడకుండా, మర్యాదగా ఈ మూడూ అడగండి: ఈ రోజు యంత్రం పరీక్ష అయిందా? ప్లానును రెండో మనిషి సరిచూశారా? మా మనిషి పేరు, గడ్డ ఉన్న వైపు మళ్ళీ ఒకసారి చూస్తారా? ఇలా అడగడం తప్పు కాదు.

ఇంకొక్క మాట. ఈ పరీక్షలు చేసేవారిని మెడికల్ ఫిజిసిస్టులు అంటారు. ఎమ్మెస్సీ ఫిజిక్సు తర్వాత భాభా కేంద్రంలో రేడియలాజికల్ ఫిజిక్సు డిప్లొమా చేయవచ్చు. ఆ కోర్సు 1962 నుంచి ఉంది. ఇంటర్‌లో ఎంపీసీ చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, దీన్ని గుర్తుపెట్టుకోండి.

అత్తకు చికిత్స జరిగింది. ఇప్పుడు ఆరునెలలకోసారి స్కానింగుకు పోతోంది. ఈ పాఠమంతా ఆమెకు కాంటా లెక్కలో చెప్పాం. అంతా విని, "అయితే ఆ సున్నా చూసే పనిల మనోళ్ళు గూడ ఉండాలె" అన్నది. మా తరఫున మీకు చెప్పదలచుకున్నదీ అదే.