ముందు గూడు, తర్వాతే ఊసరవెల్లి

చి. బుజ్జికి,

వెయిల్డ్ కమీలియన్‌ని పెంచుకుంటాననీ, షాపులో 20 గ్యాలన్ల గాజు తొట్టె చవగ్గా వస్తోందనీ రాశావు. ఆ తొట్టె కొనకు. ఊసరవెల్లి పిల్లని కూడా అప్పుడే తెచ్చుకోకు. ముందు గూడు అమర్చి, దీపాలు పెట్టి, వారం పది రోజులు లోపలి వేడీ తేమా చూసుకో.

యెమెన్, సౌదీ కొండల జీవి అది. బతుకంతా కొమ్మల మీదే. మగది ఎదిగితే తోకతో కలిపి అడుగున్నర, ఒక్కోసారి 2 అడుగులు ఉంటుంది. దానికి కావలసింది ఎత్తు. 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. ఇంతకు తగ్గకు.

జాలీదా, గాజుదా అన్నది మీ ఊరి వాతావరణాన్ని బట్టి తేల్చుకోవాలి. మా ఫ్లోరిడాలో గాలే తడిగా ఉంటుంది కనుక అల్యూమినియం జాలీ పంజరం సరిపోతుంది. మీ మిన్నియాపోలిస్‌లో చలికాలమంతా హీటర్ నడుస్తుంది, గది గాలి ఎండిపోతుంది. అక్కడ నాలుగు వైపులా జాలీ అయితే ఎన్ని నీళ్లు చల్లినా తేమ నిలవదు. జాలీదే కొంటే వెనకా పక్కలా పారదర్శక ప్లాస్టిక్ షీటు బిగించు. గాజుదైతే ముందువైపు కింద జాలీ పట్టీ, పైన జాలీ మూత ఉన్నది వెతుకు. వేడి గాలి పైనుంచి పోతూ కిందనుంచి కొత్త గాలిని లాక్కుంటుంది. గాలి ఆడని తేమలో ఊపిరితిత్తులకి జబ్బు చేస్తుంది.

లోపల మొక్కలు దట్టంగా ఉండాలి. మనీప్లాంటు, షెఫ్లెరా, మందారం ఏవైనా పెట్టు. ఇది ఆకులు కూడా కొరుకుతుంది, అందుకని నర్సరీ మందు పోయేలా ఆకులు కడిగి, మట్టి మార్చు. మనం చూస్తున్నామని తెలిసినప్పుడు ఆకుల వెనక్కి తప్పుకునే చోటు దొరక్కపోతే అది కుంగిపోతుంది. అందంగా కనబడాలని మొక్కలు తగ్గించకు, నాన్నా. కొమ్మలు అడ్డంగా, వేర్వేరు ఎత్తుల్లో కట్టు.

బల్బు గూడు బయట, పైన ఉండాలి. దాని కింది కొమ్మ దగ్గర 85 డిగ్రీల ఫారెన్‌హీట్ చాలు. పక్కనే పొడవాటి టీ5 యూవీబీ (అతినీలలోహిత కిరణాల) ట్యూబు పెట్టు. కిటికీ ఎండ దానికి బదులు కాదు, గాజు యూవీబీని ఆపేస్తుంది. అది అందకపోతే ఎముకలు మెత్తబడి వంగిపోతాయి.

గూటిని బల్ల మీదకి ఎత్తు, కొమ్మలు నీ కళ్లకంటే పైన ఉండేలా. పైనుంచి వంగి చూసేదాన్ని అది శత్రువే అనుకుంటుంది. ఒక గూట్లో ఒక్కటే. ఆడది తెస్తే లోతైన తడి ఇసుక తొట్టె తప్పనిసరి. మగదానితో కలవకపోయినా గుడ్లు పెడుతుంది, తవ్వే చోటు లేక గుడ్లు లోపలే నిలిచిపోతే ప్రాణం పోతుంది.

తలుపు గడియ గట్టిదేనా చూడు. ఇక్కడ జనం వదిలేసినవీ తప్పించుకున్నవీ అడవుల్లో స్థిరపడిపోయాయి.

సెలవులకి ఇండియాలో మనూరెళ్లినప్పుడు కంచెల్లో కనబడే ఊసరవెల్లిని మాత్రం ముట్టుకోకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం. విషముందని భయపడి రాళ్లేసేవాళ్లు కనిపిస్తే, దానికి విషం లేదని చెప్పు.

గదిలో ఎక్కడ పెడదామనుకుంటున్నావో కొలతలు రాయి.

మీ మావయ్య