గీత ఒకరిది, రంగు ఇంకొకరిది

బాలి ద్వీపంలో ఉబుద్ అనే ఊళ్లో 'పురి లుకిసాన్' మ్యూజియం ఉంది. పురి అంటే రాజగృహం, లుకిసాన్ అంటే చిత్రం. 1956లో తెరిచిన ఈ మ్యూజియంలో బాలి పాత చిత్రాలూ, కొత్త చిత్రాలూ ఒకేచోట చూడొచ్చు.

పాతవి చూడగానే మనకు తోలుబొమ్మలు గుర్తొస్తాయి. ఆ శైలి పేరే వయాంగ్, అంటే తోలుబొమ్మలాట. కథలు ఎక్కువగా రామాయణ భారతాలవి. ఎవరు ఎవరో కళ్లు చూసి చెప్పవచ్చు: సౌమ్యులకు సన్నని కళ్లు, రాక్షసులకు గుండ్రని గుడ్లు. నలుపు తెలుపు గళ్ల బట్ట కట్టినవాడు భీముడు.

ఈ శైలికి పుట్టిల్లు కమసాన్ గ్రామం. అక్కడ బట్టకు బియ్యప్పిండి గంజి పట్టించి, ఎండబెట్టి, గవ్వతో రుద్ది నునుపు చేస్తారు. నలుపుకి దీపపు మసి, ఎరుపుకి ఇంగిలీకం. మన శ్రీకాళహస్తి కలంకారీలో లాగే ముందు గీత, తర్వాత రంగు. ఆ చిత్రాల మీద గీసినవాళ్ల సంతకాలు సాధారణంగా ఉండవు. అవి గుడికోసం, పండగకోసం వేసినవి.

1936లో ఉబుద్‌లో 'పిత మహ' అనే చిత్రకారుల సంఘం ఏర్పడింది. ఉబుద్ రాజవంశీకుడు చొకోర్ద గెదె అగుంగ్ సుకవతి, చిత్రకారుడు లెంపద్, యూరప్ నుంచి వచ్చిన స్పీస్, బోనె అందులో ముఖ్యులు. అప్పటికే చిత్రం బట్ట నుంచి కాగితం మీదికీ వచ్చింది. దేవతల పక్కన సంత, వరికోత, నాట్యం చేరాయి. అమ్మకం మొదలైంది. చిత్రకారుడి పేరూ పైకి వచ్చింది.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. కమసాన్‌లో గీత గీసేది గురువు, అంటే మగవాడు. రంగు నింపే పని చాలావరకు ఇంటి ఆడవాళ్లది. చిత్రాలకు పేర్లు వచ్చాక కూడా వాళ్ల పేర్లు రాలేదు. కొత్త చిత్రాల్లో సంతలో కూర్చున్న ఆడవాళ్లు బోలెడంతమంది కనిపిస్తారు; వేసినవాళ్లలో మాత్రం ఆడవాళ్లు బహు తక్కువ. కమసాన్‌లోనే పుట్టిన ని మడె సుచియార్మి గీత కూడా తానే గీసి పేరు తెచ్చుకుంది. 1991లో ఉబుద్‌లో ఆడవాళ్ల చిత్రాలకోసమే సెనివతి గ్యాలరీ వెలిసింది.

ఈసారి ఏ మ్యూజియానికి వెళ్లినా చిత్రం కింద చీటీ చదవండి. అందులో ఉన్న పేరుతో పాటు, లేని పేరు ఎవరిదై ఉంటుందో కూడా అడగండి.