డిలీట్ కొట్టే ముందు ఒక్క నిమిషం

పోయిన సెమిస్టర్‌లో మా హాస్టల్ అమ్మాయి ఒకరి ఫొటో, పేరు పెట్టి ఎవరో దొంగ అకౌంట్ తెరిచారు. దాన్నుంచి క్లాసులో అబ్బాయిలకి చెత్త మెసేజ్‌లు వెళ్ళాయి. తనకీ బెదిరింపులు వచ్చాయి. భయపడి వచ్చినవన్నీ డిలీట్ చేసేసి, తన సొంత అకౌంట్ కూడా మూసేసింది. ఇంట్లో చెప్తే ఫోన్ లాక్కుంటారని చెప్పలేదు. రెండు వారాల తర్వాత కంప్లయింట్ ఇద్దామంటే చేతిలో ఏమీ లేదు. మాకందరికీ కోడింగ్ వచ్చు గానీ, ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఒక్కరికీ తెలీదు. తర్వాత చదివి తెలుసుకున్నవి రాస్తున్నాను.

ముందు సాక్ష్యం. స్క్రీన్‌షాట్‌లో తేదీ, టైమ్, యూజర్‌నేమ్ కనబడాలి. ప్రొఫైల్ లింక్ విడిగా కాపీ చేసుకోండి, పేరు ఎప్పుడైనా మార్చెయ్యొచ్చు కదా. అసలు మెసేజ్ ఫోన్‌లోనే ఉంచండి. బ్లాక్, రిపోర్ట్ ఆ తర్వాతే. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం డిజిటల్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచెయ్యాలి. ఆ ఫారంలో ఫైల్ హ్యాష్ విలువ రాయాలి. అవును, మనం క్లాసులో నిద్రపోతూ విన్న హ్యాషే! ఒక్క పిక్సెల్ మారినా హ్యాష్ మారిపోతుంది. అందుకే ఒరిజినల్ స్క్రీన్‌షాట్ మీద ఎర్ర గీతలు గియ్యకండి.

తర్వాత చట్టం. వేరేవాళ్ళలా నటించి ఆన్‌లైన్‌లో మోసం చేస్తే ఐటీ చట్టం 66డి, మూడేళ్ళ వరకు జైలు. ఒప్పుకోలు లేకుండా ఒంటి రహస్య భాగాల ఫొటో తీసినా, పంపినా 66ఇ, దీనికీ మూడేళ్ళ వరకు జైలు. అమ్మాయి వద్దంటున్నా వెంటపడి మెసేజ్‌లు పెట్టడం, ఆన్‌లైన్‌లో తన మీద నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78 కింద నేరం. బెదిరిస్తే 351. ఇది అబ్బాయిలకీ వర్తిస్తుంది. కొందరు ఇంకా 66ఎ అంటుంటారు, దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది.

ఎక్కడ ఇవ్వాలి? సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో. మహిళలు, పిల్లల మీద జరిగే అసభ్య నేరాలైతే పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. "మా ఏరియా కాదు" అని పోలీస్ స్టేషన్ వాళ్ళు తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. ఆన్‌లైన్‌లో సమాచారం ఇస్తే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి.

ప్రైవేట్ ఫొటోలు బయటపడతాయని భయమా? 18 దాటినవాళ్ళకి స్టాప్ఎన్‌సీఐఐ అనే ఉచిత సైట్ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటదు. దాని హ్యాష్ మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన కంపెనీలు ఆ హ్యాష్‌తో సరిపోయే ఫొటోని వెతికి ఆపుతాయి. మళ్ళీ హ్యాషే చూడండి!

తప్పు చేసినవాడు హాయిగా తిరిగాడు, మా ఫ్రెండ్ దాక్కుంది. మీ రూమ్మేట్ ఇలా ఏడుస్తూ వస్తే "ఫొటో ఎందుకు పెట్టావ్?" అని అడక్కండి. "ఏమీ డిలీట్ చెయ్యకు, ముందు స్క్రీన్‌షాట్లు తీద్దాం రా" అనండి.