గ్రంథాలయం గోడ మీద మీ తొలి ప్రాజెక్టు

ధర్మవరంలోనో పెనుకొండలోనో బెంగళూరు రైలెక్కే కొత్త గ్రాడ్యుయేట్ల రెజ్యూమెల్లో ప్రాజెక్టు అంటే తరచూ వాతావరణం యాపే. దాని మీద రెండో ప్రశ్న పడితే చెప్పడానికేమీ ఉండదు. బుక్కపట్నం విద్యార్థులకు నా సలహా ఒకటే: అక్కడి డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) లైబ్రరీకో, దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికో పనికొచ్చే లైవ్ డిస్‌ప్లే తయారుచేయండి. లైబ్రేరియన్ బార్‌కోడ్ స్కాన్ చేసిన మరుక్షణం ఆ పుస్తకం పేరు తెర మీదికి రావాలి.

సియాటిల్ సెంట్రల్ లైబ్రరీలో జార్జ్ లెగ్రాడీ అనే కళాకారుడు 2005లోనే ఆరు తెరలతో ఇలాంటిది చేశారు. జనం ఏమేం చదువుతున్నారో ఊరంతా చూసేది. అప్పుడు డేటా గంటకోసారి అందేది. 2011 డిసెంబరులో వెబ్‌సాకెట్ ప్రమాణం వచ్చింది. దాంతో బ్రౌజరుకూ సర్వరుకూ మధ్య దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

అయినా మొదటే వెబ్‌సాకెట్ జోలికి వెళ్లకండి. కబురు సర్వరు నుంచి తెరకే వెళ్లేటప్పుడు సర్వర్ సెంట్ ఈవెంట్స్ చాలు. పాఠకులు తెరను తాకి పుస్తకానికి ఓటేయాలనుకున్నప్పుడు వెబ్‌సాకెట్ తీసుకోండి.

అసలు చదువు కనెక్షన్ తెగినప్పుడు మొదలవుతుంది. సర్వర్ సెంట్ ఈవెంట్స్‌లో ప్రతి కబురుకూ ఒక నంబరు ఇచ్చారనుకోండి. నెట్ పోయి వస్తే బ్రౌజరు తనంతట తానే సర్వరును పలకరించి, చివరగా అందిన నంబరు చెబుతుంది. 41 దాకా అందితే 42 నుంచి పంపేలా సర్వరులో మీరు రాసుకోవాలి. కరెంటే పోతే ఆ నంబరు కూడా బ్రౌజరుకు గుర్తుండదు. కాబట్టి పేజీ తెరవగానే ముందు ప్రస్తుత జాబితా మొత్తం తెచ్చుకోవాలి, ఆ తర్వాతే కొత్త కబుర్లు. ఈ తేడా సొంతంగా కనిపెట్టి సరిచేసిన అభ్యర్థి మాటే వేరుగా ఉంటుంది.

సాధనకు న్యూజిలాండ్‌లో పుట్టిన కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉంది. ఉచితం. లాప్‌టాప్‌లో లైనక్స్ మీద వేసుకుని, మీ ఇంట్లోని తెలుగు పుస్తకాలు ఎక్కించండి. ఒత్తులు, గుణింతాలు దూరం నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయో లేదో గది చివర నిలబడి చూడండి. ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు: తెర మీద పుస్తకం పేరే ఉండాలి, తీసుకెళ్లినవాళ్ల పేరు ఎప్పటికీ రాకూడదు.

లైబ్రరీ సైన్సు చదివేవాళ్లు కూడా కాస్త జావాస్క్రిప్టు నేర్చుకుంటే ఇది చేయగలరు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారం డిస్‌ప్లే పెట్టుకోవడానికి లైబ్రేరియన్‌ను దసరాలోపే అడగండి.