పాటిగడ్డలు చెప్పే చరిత్ర

ఊరు పుట్టడానికి కారణాలు ఉన్నట్లే ఊరు పాడుబడడానికీ కారణాలు ఉంటాయి. రాజధాని తరలిపోవచ్చు, వర్తకులు మరొక బాట పట్టవచ్చు, జలాశయం కింద ఊరు మునగవచ్చు. జనులు విడిచిపెట్టిన ప్రాచీన నివాస స్థలాన్ని మన పల్లెలలో పాటిగడ్డ అంటారు. అక్కడి పాటిమన్ను సారవంతమైనదని రైతులు బండ్లకెత్తి పొలాలకు తోలుకుంటారు. ఆ మన్నుతో పాటు కుండపెంకులు, ఇటుకలు, ఒక్కొక్కప్పుడు నాణేలు కూడా పొలం చేరుతాయి. చరిత్ర పరిశోధకునికి ఆ గడ్డయే గ్రంథం.

ఆంధ్రులకు ప్రాకారాలు గల 30 నగరాలు ఉండేవని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని కోటిలింగాల, ధూళికట్ట అట్టి నగరాలేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ధూళికట్టలో మట్టికోట, బౌద్ధ స్తూపం బయల్పడ్డాయి. స్తూపానికి చెందిన శిల్పాలలో బుద్ధునికి పడగ పట్టిన ముచిలింద నాగుని శిల్పం ప్రసిద్ధమైనది. అక్కడికి సమీపంలోని పెద్దబంకూరులో ఇటుక కట్టడాలు, బావులు, వేలకొద్దీ శాతవాహన నాణేలు లభించాయి. గోదావరి ఒడ్డున, పెద్దవాగు కలిసేచోట వెలసిన కోటిలింగాలలో శాతవాహన వంశ మూలపురుషుడైన సిముకుని నాణేలు దొరికాయి. అంతకు ముందరి గోబద, నారన, కంవాయ, సమగోప అనే పాలకుల పేర్లు సైతం అక్కడి నాణేల వల్లనే వెలుగు చూశాయి. డాక్టర్ వి.వి. కృష్ణశాస్త్రి, డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి గార్ల కృషి ఈ సందర్భంలో స్మరణీయం. ఆ ప్రాచీన నగర స్థలంలో కొంత భాగం నేడు శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు నీటి పాలైంది.

అధికారం తరలిపోవడం వల్ల వైభవం కోల్పోయిన పట్టణానికి ఎలగందుల చక్కని ఉదాహరణ. మానేరు ఒడ్డున గుట్టపై నిలిచిన ఈ దుర్గం కాకతీయుల నాటి నుండి అసఫ్‌జాహీల వరకు పలువురి ఏలుబడిని చూసింది. 1754లో జఫరుద్దౌలా నిర్మించిన రెండు మీనార్లు ఇప్పటికీ సందర్శకులను ఆకర్షిస్తున్నాయి. ఇక్కడి ఖిలేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీదనే కరీంనగర్ వెలసిందని ప్రతీతి. 1905లో ఎలగందుల జిల్లా కరీంనగర్ జిల్లాగా మారింది. కచేరీలు, వకీళ్లు, వర్తకులు కొత్త పట్టణం చేరగా పాత పట్టణం చిన్న గ్రామంగా మిగిలిపోయింది. ఆదిలాబాద్ ప్రాంతపు సిర్పూరు కథ కూడా ఇట్టిదే. గోండు రాజులకు తొలి రాజధానిగా చెప్పబడే ఆ పట్టణం, రాజధాని బల్లార్‌పూర్‌కు, అటుపై చంద్రాపూర్‌కు తరలిపోవడంతో వెనుకబడింది. కాని పోయిన ప్రాభవం తిరిగి రాదని చెప్పలేము. ఒకప్పుడు జిల్లా కేంద్రమై, ఆ హోదాను ఆదిలాబాదుకు వదలుకొన్న ఆసిఫాబాద్ 2016లో మళ్లీ జిల్లా కేంద్రమైంది.

ఇవి పాత కథలు. మన కళ్ల ముందరే ఖాళీ అయిన ఊళ్లూ ఉన్నాయి. మధ్య మానేరు జలాశయం కింద అనుపురం, రుద్రవరం, సంకెపల్లి, కొడుముంజ, చీర్లవంచ వంటి గ్రామాలు ముంపుకు గురైనాయి. కవ్వాల్ పులుల అభయారణ్యంలోని మైసంపేట, రాంపూర్ గ్రామాల ప్రజలు 2024లో అడవి వెలుపలికి తరలించబడ్డారు. నీరు వేల ఎకరాలకు అవసరం, అడవి రక్షణా అవసరమే. అయితే ఆ మేలుకు మూల్యం చెల్లించినవారు ఎవరో మనం మరువరాదు. ఇంటికి, పొలానికి నష్టపరిహారం లెక్క కట్టవచ్చు. బొడ్రాయికి, పీర్ల చావడికి, తాతముత్తాతలు నిద్రించే కబరస్తాన్‌కు ఏ లెక్క కట్టగలము? కొత్త కాలనీలో ఇల్లు పక్కా కావచ్చును గాని, పాత వాడలోని ఇరుగుపొరుగు అదే వరుసలో అమరడం అరుదు.

విద్యార్థినీ విద్యార్థులారా! కోటిలింగాల నాణేలపై రాజుల పేర్లు మిగిలాయి. ఆ నగరంలో కుండలు చేసినవారి పేర్లు, ఇనుము కరిగించినవారి పేర్లు మనకు తెలియవు. అడగడానికి సాక్షులు లేరు. మునిగిన ఊళ్ల సంగతి అట్లా కాదు. ఆ ఊళ్ల పెద్దలు ఇంకా మన మధ్యనే ఉన్నారు. సెలవులలో వారి వద్దకు నోటు పుస్తకంతో వెళ్లండి. ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చింది, వాగు ఏ వైపున పారేది, ఏ చెలకను ఏమని పిలిచేవారు, మంచినీళ్ల బావి ఎవరు తవ్వించారు, పీర్ల పండుగనాడు ఏ కులంవారు ఏ సేవ చేసేవారు అని అడగండి. తెలుగులో గాని ఉర్దూలో గాని వారు చెప్పిన మాట చెప్పినట్లే రాయండి. చెప్పినవారి పేరు, వయస్సు, తేదీ వేయండి. వారి చేతనే ఊరి పటం గీయించండి. ఇద్దరి మాటలు కలియకపోతే రెండూ ఉంచండి.

ఈ సేకరణలను కళాశాల గ్రంథాలయంలో భద్రపరచే ఏర్పాటు చేయవలసిందిగా పాలకవర్గానికి నా విన్నపం. దీనికి పెద్ద ధనం అక్కరలేదు, ఒక బీరువా చాలు. సాక్షులు వెళ్లిపోయిన తరువాత మిగిలేది పాటిమన్నే.