పాదరసం నీళ్ల నుంచి నోటికి ఎట్ల వస్తుంది?



జ్వరం చూసే గాజు థర్మామీటరు మనలో చాలామందిమి చూసినం. అందులో వెండిలెక్క మెరిసేదే పాదరసం. మామూలు వేడి దగ్గర ద్రవంగా ఉండే లోహం ఇదొక్కటే. నీటికన్నా 13.6 రెట్లు బరువు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కాని ఇది విషం. ఈ విషం నదిలో పడితే ఏమైతది, దాన్ని శాస్త్రజ్ఞులు ఎట్ల కనిపెడతరు అన్న సంగతి ఈ వ్యాసంలో రాస్తున్నాను.

మన నీళ్లు ఎక్కడికి పోతయి?

సిరిసిల్ల పక్కనుంచి పారే మానేరు మంథని దగ్గర గోదావరిలో కలుస్తుంది. జగిత్యాల జిల్లాలో ధర్మపురి గోదావరి ఒడ్డునే ఉన్నది. కోరుట్లలో కురిసిన వాన కూడా వాగుల గుండా చివరికి గోదావరికే చేరుతుంది. ధవళేశ్వరం దాటినంక గోదావరి పాయలుగా చీలిపోతుంది. గౌతమి యానాం దిక్కున, వశిష్ఠ అంతర్వేది దిక్కున సముద్రంలో కలుస్తయి. నది సముద్రంలో కలిసే చోటును పుస్తకంలో నదీముఖద్వారం అంటరు. అక్కడి జాలర్లు మొగ అంటరు. కోరింగ మడ అడవులు అక్కడివే. అంటే మనం పైన నీళ్లలో కలిపింది కింద ఉన్నవాళ్ల దాకా పోతదన్నమాట.

పాదరసం ఎక్కడిది? బొగ్గులో ఇది చాలా స్వల్పంగా ఉంటుంది. కాని రామగుండం వంటి కరెంటు కేంద్రాల్లో రోజూ వేల టన్నుల బొగ్గు కాలుతుంది. కాలినప్పుడు పాదరసం ఆవిరై పొగతో లేస్తుంది, తర్వాత దుమ్ముతో, వానతో నేలకు దిగుతుంది. పగిలిన థర్మామీటర్లు, ట్యూబ్‌లైట్ల నుంచి కూడా వస్తుంది.

బురదలో జరిగే మార్పు

మొగ దగ్గర నది నెమ్మదిస్తుంది. ఉప్పునీరు, మంచినీరు కలిసి ఒండ్రు అడుక్కు దిగుతుంది. దాన్ని పట్టుకొని వచ్చిన పాదరసం కూడా దిగుతుంది. ఆ బురద లోపల గాలి ఆడదు. గాలి లేని చోట బతికే కొన్ని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తయి. అసలు ప్రమాదం దీంతోనే. ఇది జీవుల ఒంట్లోకి సులువుగా ఎక్కుతుంది, తొందరగా దిగదు. మనిషి ఒంట్లోకి పోయినదాంట్లో సగం బయటికి పోవడానికే రమారమి 50 నుంచి 70 రోజులు పడుతుంది.

లెక్క కోసం ఊహించుకోండి. నాచు తినే రొయ్యపిల్లలో విషం 1 పాలు ఉన్నది. చిన్న చేప అటువంటివి 100 తింటే 100 పాళ్లు. పండుగప్ప ఆ చిన్న చేపలను 100 తింటే 10,000 పాళ్లు. పెద్ద చేప ఒళ్లు కూడా పెద్దదే గనుక కిలోకు లెక్కగడితే అంత పెరగదు. అయినా మెట్టు మెట్టుకూ చిక్కబడుతూనే పోతుంది. వేటాడే పెద్ద చేపలో ఇది చుట్టూ ఉన్న నీటికన్నా లక్షల రెట్లు ఎక్కువ ఉండవచ్చు. ఆహార గొలుసులో ఆఖరి మెట్టు మీద కూర్చున్నది ఎవరు? మనమే.

మినమాట గోస

జపాన్‌లో మినమాట అనే ఊరిలో చిస్సో కంపెనీ ఫ్యాక్టరీ 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన మురుగును నీళ్లలోకి వదిలింది. చేపలు తిన్న పిల్లులు పిచ్చిగా గంతులేసి చచ్చిపోయినయి. తర్వాత మనుషులకు వచ్చింది. కాళ్లు చేతులు తిమ్మిరెక్కుడు, నడక తూలుడు, మాట తడబడుడు, చూపు తగ్గుడు. 1956 మే 1న ఈ జబ్బును అధికారికంగా గుర్తించారు. 1958లో కంపెనీ మురుగు కాలువను మినమాట నది మొగకు మళ్లించింది. మరుసటేడు ఆ దిక్కు కూడా కొత్త రోగులు బయటపడ్డారు! జాగా మార్చినంత మాత్రాన విషం పోదు.

ఫ్యాక్టరీ ఆసుపత్రి డాక్టరు హొసోకవా 1959లో ఆ మురుగును ఒక పిల్లికి తినిపించి చూశాడు. పిల్లికి అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ సంగతిని బయటికి రానియ్యలేదు. ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1968 అయింది. గుర్తింపు పొందిన రోగులే రెండు వేలకు పైన. అన్నిటికన్నా బాధ ఏమిటంటే, తల్లికి పెద్దగా ఏమీ కాకున్నా కడుపులో బిడ్డకు మెదడు దెబ్బతిన్నది.

నిఘా ఎట్ల పెడతరు?

నీళ్లు ఒక్కటే పరీక్ష చేస్తే చాలదు. ఆటుపోట్లకు నీళ్లు మారుతుంటయి, అందులో పాదరసం మరీ తక్కువ. తాగేనీటిలో మన దేశం పెట్టిన హద్దే లీటరుకు 0.001 మిల్లీగ్రాము. అందుకని ఇవన్నీ చూస్తరు:

1. బురద: గొట్టం దించి పొరలు పొరలుగా తీస్తరు. పై పొర ఈమధ్యది, కింది పొర పాతది. పొరలు చదివితే విషం ఎప్పటినుంచి పెరిగిందో తెలుస్తుంది.

2. ఉన్నచోటనే ఉండే జీవులు: ఆల్చిప్పలు ఊరు విడిచి పోవు. కాబట్టి ఆ జాగా సంగతి అవే చెప్తయి.

3. వేటాడే చేపలు: పొడవు, బరువు రాసుకొని, ఒకే సైజు చేపలతోనే పోల్చాలి. పెద్ద చేప ఎక్కువ ఏండ్లు తిన్నది గనుక దానిలో ఎక్కువే ఉంటుంది. నిరుడు చిన్నది, ఈ ఏడు పెద్దది తూచి విషం పెరిగిందంటే అది తప్పు లెక్క.

4. మనిషి వెంట్రుకలు: నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతయి. 12 సెంటీమీటర్ల వెంట్రుక ఇంచుమించు ఒక సంవత్సరం డైరీ.

ఆమ్లంతో కడిగిన సీసాల్లోనే నమూనా తీయాలి. చేపలను ఐసులో పెట్టి ప్రయోగశాలకు పంపాలి. అక్కడ పాదరసాన్ని ఆవిరి చేసి, దాని గుండా ఒక ప్రత్యేకమైన కాంతిని పంపుతరు. ఎంత కాంతి తగ్గితే అంత పాదరసం ఉన్నట్టు. ఒక్కసారి చూసి ఊరుకుంటే నిఘా కాదు. ఏటేటా అదే చోట, అదే పద్ధతిలో చూడాలి. మినమాట సముద్రంలో అడ్డంగా కట్టిన వలను ఇట్ల చూసి చూసి 1997లో గాని తీయలేదు.

మనం చేయగలిగింది

చేపలు మానుకొమ్మని నేను చెప్పట్లేదు. చేప మంచి బలమైన ఆహారం. నాచు, పురుగు తినే రవ్వ, బొచ్చె వంటి వాటిలో పాదరసం తక్కువ చేరుతుంది. వేటాడే పెద్ద చేపల్లో ఎక్కువ. ఎంత ఉడికించినా, వేయించినా పాదరసం పోదు. గర్భిణులకు, పసిపిల్లలకు ఈ తేడా ముఖ్యంగా తెలియాలి.

థర్మామీటరు పగిలితే గోలీలాట ఆడకండి. చేత్తో ముట్టకండి, చీపురుతో ఊడ్వకండి. కిటికీలు తెరిచి, వార్డెన్ గారిని పిలవండి. గట్టి కాగితంతో కూడదీసి మూతున్న సీసాలో పెట్టాలి. మోరీలో పారబోస్తే అది వాగు పట్టుకొని గోదావరికే పోతుంది.

పాదరసం వాడకం తగ్గించాలని 2013లో చాలా దేశాలు ఒక ఒప్పందం రాసుకున్నయి. దానికి మినమాట పేరే పెట్టిండ్రు. మన దేశం 2018లో దానికి ఆమోదం తెలిపింది.

చదివినవాళ్లు ఈ ప్రశ్నలకు జవాబులు రాసి పక్కన అతికించండి:

1. ఒకే చెరువులోని కొర్రమట్టలో, రవ్వలో ఎందులో పాదరసం ఎక్కువ ఉంటుంది? ఎందుకు?
2. బురద పొరలు చరిత్ర పుస్తకం ఎట్లయితయి?
3. మీ ఊరి వాగు ఏ నదిలో కలుస్తుంది? అందులో మనం ఏమేం కలుపుతున్నం?