కుందేలుకు ఇంట్లో చోటు: చేయవలసినవి, చేయకూడనివి

నందికొట్కూరు ఎండల సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలే. మనకు చెమట పడుతుంది, ఫ్యాను కింద కూర్చుంటే ఆరుతుంది. కుందేలుకు ఆ వీలు లేదు. ఒంట్లోని వేడిని అది ఎక్కువగా చెవుల ద్వారానే వదులుకోవాలి. 15 నుంచి 20 డిగ్రీల మధ్య హాయిగా ఉండే ప్రాణి, 30 దాటిందంటే అవస్థ పడుతుంది. పెంపుడు కుందేళ్లన్నిటికీ మూలం స్పెయిన్, పోర్చుగల్ వైపు అడవి కుందేలు. అది నేలలో బొరియ తవ్వుకుని చల్లగా బతికేది. అందుకే మన ఊళ్లో బోను కొనకముందే చోటు చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో ఏ మూల చల్లగా ఉంటుందో అదే కుందేలుకు తగిన చోటు.

చోటు ఎంచుకునేటప్పుడు

చేయవలసినవి:
- పడమటి ఎండ తగలని, గాలి ఆడే కింది గదిని ఎంచుకోండి. మట్టి మిద్దె గానీ మందపాటి రాతి గోడల గది గానీ ఉంటే మరీ మంచిది.
- ఒక థర్మామీటరు కుందేలు కూర్చునే ఎత్తులో పెట్టి, వరసగా కొన్ని మధ్యాహ్నాలు చూడండి.
- పిల్లి, కుక్క, ఎలుక, పాము దూరకుండా కిటికీలకు, తూములకు సన్నకన్ను జాలీ బిగించండి.

చేయకూడనివి:
- రేకుల షెడ్డులో, మేడ మీద, గాజు కిటికీ పక్కన ఉంచవద్దు.
- వంటగదిలో, టీవీ పక్కన పెట్టవద్దు. పొగ, చప్పుడు రెండూ దానికి పడవు.
- కుందేలున్న గదిలో దోమల కాయిల్ వెలిగించవద్దు.

బోను, నేల

చేయవలసినవి:
- ఒళ్లు చాపి పడుకోవడానికి, వెనక కాళ్ల మీద నిలబడటానికి, వరసగా నాలుగు గెంతులు వేయడానికి చోటుండాలి. జంట కుందేళ్లకు సుమారు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు ఉండాలని బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ చెబుతోంది. అంత బోను దొరక్కపోతే గదిలో ఒక మూలకు కంచె కట్టి వదలండి.
- కింద ఎండిన వరిగడ్డి మందంగా పరవండి. తడిసిన గడ్డిని రోజూ తీసేయండి. మూత్రం ఘాటు పేరుకుంటే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.
- ఒక పక్క బేతంచెర్ల నాపబండ ఒకటి వేసి ఉంచండి. ఎండాకాలం కుందేలు గడ్డి వదిలేసి, పొట్ట ఆ బండకు ఆనించి పడుకుంటుంది.
- దాక్కోవడానికి మూతి వెడల్పుగా ఉన్న మట్టికుండను అడ్డంగా పడుకోబెట్టండి. దొర్లకుండా రెండు పక్కలా ఇటుకలు పెట్టండి. కుండను పైనుంచి తడిపితే లోపల చల్లగా ఉంటుంది.

చేయకూడనివి:
- ఇనుప జాలీ అడుగున్న బోను వద్దు. కుక్కకు, పిల్లికి ఉన్నట్టు కుందేలు పాదాలకు మెత్తలు ఉండవు. తీగ మీద కూర్చుని కూర్చుని మడమలు పుండ్లు పడతాయి.
- రోజంతా ఇరుకు బోనులో మూసి ఉంచవద్దు. కదలడానికి చాలని బోనులో జంతువును ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం కూడా.
- వైర్లు, ఛార్జర్లు అందే ఎత్తులో వదలవద్దు. కుందేలు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, దొరికిందల్లా కొరుకుతుంది. వైర్లను పైపులో పెట్టండి, కొరకడానికి గడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.
- నల్లమల అంచు పొలాల్లో దొరికిన చెవులపిల్లిని తెచ్చి పెంచవద్దు. అది వేరే జాతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు.

ఎండాకాలం జాగ్రత్తలు

చేయవలసినవి:
- బరువైన మట్టి మూకుడులో నీళ్లు పోసి, రోజుకు రెండుమూడు సార్లు మార్చండి.
- కరెంటు పోతుందని ముందే అనుకుని, ఫ్రిజ్‌లో సీసాలతో నీళ్లు గడ్డకట్టించి ఉంచుకోండి. సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెడితే కుందేలు దాన్ని ఆనుకుంటుంది.
- కిటికీకి తడి గోనెపట్టా కట్టండి. అది కుందేలు నోటికి అందకూడదు.

చేయకూడనివి:
- తలుపులన్నీ మూసి కూలరు వేయవద్దు. గదిలో ఉక్క పెరిగి మరింత ఇబ్బంది పడుతుంది.
- చల్లబడుతుందని స్నానం చేయించవద్దు. బెదిరి షాక్‌కు గురై చనిపోయే ప్రమాదం ఉంది.

వడదెబ్బ తగిలితే

చెవులు కాలిపోతుంటాయి, నోరు తెరిచి ఎగపోస్తుంది, మూతి తడిగా ఉంటుంది, లేవలేక చతికిలబడుతుంది. వెంటనే నీడకు తెచ్చి, మామూలు చల్లటి నీళ్లతో చెవులు తడపండి. ఐసునీళ్లలో ముంచవద్దు, నోట్లో బలవంతంగా నీళ్లు పోయవద్దు. ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తేరుకున్నట్టు కనిపించినా చూపించాల్సిందే. ఏ కాలంలోనైనా సగం రోజు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా అంతే తొందరపడాలి.

పిల్లలు ముచ్చటపడి అడిగారని ఎండాకాలం సెలవుల్లో కుందేలును తేవద్దు. ముందు థర్మామీటరు తెచ్చి పెట్టండి. మధ్యాహ్నం 30 దాటని మూల ఒక్కటీ లేకపోతే, ఆ ఏర్పాటు అయ్యేదాకా ఆగండి. బాగా చూసుకుంటే 8 నుంచి 10 ఏళ్లు బతికే ప్రాణి అది. అన్ని వేసవులు మన ఇంట్లోనే గడపాలి కాబట్టి చోటు కుదిరాకే తెచ్చుకుందాం.